ఫైలులో ఉన్న నాలుగు అంకెలు



"సిస్టరమ్మా, లివర్ బాగానే ఉందా చెప్పండి." రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే ఓపిలో మమ్మల్ని ఎక్కువమంది అడిగే మాట ఇది. ముఖ్యంగా హెచ్‌ఐవికి మందులు వాడుతున్నవారు, హెపటైటిస్ బి గానీ సి గానీ ఉందని తెలిసినవారు అడుగుతారు. చాలా ఏళ్ళు మేము కాగితంలో ఎస్‌జిపిటి ఒక్కటే చూసి "పర్వాలేదమ్మా, కొంచెం ఎక్కువ ఉంది అంతే" అని పంపేవాళ్ళం. అది సరైన జవాబు కాదని మాకు ఒక తల్లి వల్ల తెలిసింది. ఈ నెల పాఠం ఆమె ఫైలు నుండే మొదలుపెడుతున్నాము. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు, పేరు, ఊరు మాత్రం వద్దన్నారు. లెక్క తేలికగా అర్థం కావడానికి ఆమె అంకెలను కొద్దిగా సరిచేశాము.

2016లో ఒక రాత్రి ఆమెను ఆటోలో తీసుకువచ్చారు. రెండుసార్లు నెత్తురు వాంతి అయింది. సెలైను పెట్టి, రక్తం ఎక్కించి, తెల్లవారేలోగా పెద్ద ఆసుపత్రికి పంపాము. అక్కడ ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకు రబ్బరు బ్యాండ్లు వేశారు. ఆమె బ్రతికారు. అప్పుడు ఆమె వయసు 45. 2008 నుండి ఏఆర్‌టి మందులు ఒక్క పూట తప్పకుండా వేసుకుంటున్న మనిషి. సిడి4 బాగుంది. మద్యం ముట్టరు. మరి లివర్ ఎలా పాడయింది? పరీక్ష చేస్తే హెపటైటిస్ బి కూడా ఉందని తేలింది. అంతకుముందు ఎవరూ ఆ పరీక్ష చేయించలేదు.

ఆమె భర్త ప్లాస్టిక్ కవరులో పాత కాగితాలన్నీ జాగ్రత్తగా దాచారు. మూడేళ్ళకొకటి చొప్పున మూడు రక్తపరీక్షలు. మూడింటిలోనూ ఎస్‌జిపిటి "కొంచెం ఎక్కువ". కానీ ప్లేట్‌లెట్లు మొదటిదానిలో రెండు లక్షల పదివేలు, రెండవదానిలో లక్షన్నర, మూడవదానిలో లక్ష. మూడు కాగితాలనూ వేరువేరు రోజుల్లో వేరువేరు మనుషులు చూశారు. మేమూ ఒకటి చూశాము. పక్కపక్కన పెట్టి ఎవరమూ చూడలేదు.

లివర్ గట్టిపడడం అంటే

కాలేయాన్ని మనందరం లివర్ అనే అంటాము కనుక అలాగే రాస్తాము. మాంసం కొట్టులో కార్జం చూసినవారికి తెలుసు, అది ఎంత మెత్తగా ఉంటుందో. మన లివరూ అంతే. హెపటైటిస్ బి, సి వైరస్‌లు లివర్ కణాల్లో ఏళ్ళ తరబడి కాపురం ఉంటాయి. మన శరీరం వాటితో పోరాడుతూ ఉంటుంది. ఆ పోరాటంలో కణాలు చచ్చిన చోట, చర్మం మీద దెబ్బ తగిలిన చోట మచ్చ కట్టినట్టే, లివర్‌లోనూ నారలాంటి మచ్చ కడుతుంది. దీనినే డాక్టర్లు ఫైబ్రోసిస్ అంటారు. మచ్చ ఏమీ లేకపోతే ఎఫ్0. అక్కడినుండి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 అని పెరుగుతూ పోయి, లివర్ అంతా గడ్డలు గడ్డలుగా గట్టిపడితే ఎఫ్4, అంటే సిర్రోసిస్.

ఇందులో మోసం ఏమిటంటే నొప్పి ఉండదు. ఎఫ్3 దాకా వెళ్ళిన మనిషి కూడా పొలం పని చేసుకుంటూ, ఆకలిగా అన్నం తింటూ ఉంటాడు. కళ్ళు పచ్చబడడం, పొట్టలో నీరు చేరడం చాలా ఆలస్యంగా వచ్చే గుర్తులు. మామూలు అల్ట్రాసౌండ్ స్కానులో "నార్మల్" అని రాసినా మచ్చ లేదని అర్థం కాదు. మొదటి దశలు ఆ స్కానుకు కనబడవు.

హెచ్‌ఐవి కూడా ఉంటే ఈ మచ్చ త్వరగా పెరుగుతుంది, ముఖ్యంగా మందులు మొదలుపెట్టక ముందు, సిడి4 బాగా తగ్గినప్పుడు. రెండు వైరస్‌లూ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుండి బిడ్డకు వస్తాయి కనుక ఒకే మనిషిలో రెండూ ఉండడం వింత కాదు. మణిపూర్ వంటి చోట్ల మత్తుమందుల సూదులు పంచుకోవడం వల్ల హెచ్‌ఐవితోపాటు హెపటైటిస్ సి ఎక్కువ. మన వైపు హెచ్‌ఐవి ఉన్నవారిలో ఎక్కువగా కనబడేది హెపటైటిస్ బి. దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

సూది గుచ్చకుండా ఎలా తెలుసుకుంటారు

పూర్వం మచ్చ ఎంత ఉందో చూడాలంటే ఒకటే దారి, బయాప్సీ. పక్కటెముకల మధ్య నుండి పొడవాటి సూది పంపి లివర్ ముక్క తీసేవారు. ఆ ముక్క మొత్తం లివర్‌లో యాభైవేల వంతు మాత్రమే. మచ్చ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది గనుక అది కూడా తప్పు చెప్పవచ్చు. పైగా ప్లేట్‌లెట్లు తక్కువున్నవారికి లోపల రక్తం కారుతుందనే భయం. ఏటేటా చేయగలిగిన పరీక్ష కాదు. ఒకసారి చేయించుకున్నవారు రెండవసారికి రారు, వారిని తప్పుపట్టలేము.

2006లో అమెరికాకు చెందిన డాక్టర్ రిచర్డ్ స్టెర్లింగ్, ఆయన తోటి డాక్టర్లు ఒక పని చేశారు. హెచ్‌ఐవి, హెపటైటిస్ సి రెండూ ఉండి, బయాప్సీ చేయించుకున్న 832 మంది రక్తపరీక్షలు ముందుపెట్టుకుని, బయాప్సీ చెప్పినదాన్ని మామూలు అంకెలతో చెప్పగలమా అని చూశారు. నాలుగు అంకెలు చాలు అని తేలింది. వయసు, ఎస్‌జిఓటి, ఎస్‌జిపిటి, ప్లేట్‌లెట్లు. నాలుగున్నాయి కనుక దానికి ఫిబ్-4 అని పేరు. ఇప్పుడు దీనిని అన్ని రకాల లివర్ జబ్బుల్లోనూ వాడుతున్నారు గానీ, పుట్టింది మాత్రం హెచ్‌ఐవి, హెపటైటిస్ రెండూ ఉన్నవారి కోసమే.

లెక్క ఇది. వయసును ఎస్‌జిఓటితో హెచ్చవేయాలి. ప్లేట్‌లెట్లను ఎస్‌జిపిటి వర్గమూలంతో హెచ్చవేయాలి. మొదటిదానిని రెండవదానితో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, అంటే మన ల్యాబ్ కాగితంలో 1.5 లక్షలు అని ఉంటే 150. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఆ తల్లి మూడు కాగితాలకూ ఈ లెక్క చేద్దాము.

2010లో వయసు 39, ఎస్‌జిఓటి 44, ఎస్‌జిపిటి 36, ప్లేట్‌లెట్లు 210. ముప్పై తొమ్మిదిని నలభై నాలుగుతో హెచ్చవేస్తే 1716. ముప్పై ఆరుకు వర్గమూలం ఆరు, 210ని ఆరుతో హెచ్చవేస్తే 1260. భాగిస్తే 1.36.

2013లో వయసు 42, ఎస్‌జిఓటి 60, ఎస్‌జిపిటి 49, ప్లేట్‌లెట్లు 150. పైన 2520, కింద 1050. జవాబు 2.4.

2016లో వయసు 45, ఎస్‌జిఓటి 80, ఎస్‌జిపిటి 64, ప్లేట్‌లెట్లు 100. పైన 3600, కింద 800. జవాబు 4.5.

స్టెర్లింగ్ గారి పరిశోధనలో 1.45 కంటే తక్కువ వచ్చినవారిలో నూటికి తొంభై మందికి తీవ్రమైన మచ్చ లేదు. 3.25 దాటినవారిలో నూటికి అరవై అయిదు మందికి ఉంది. మధ్యలో వస్తే ఏమీ తేల్చి చెప్పలేము, ఇంకొక పరీక్ష కావాలి. ఆమె 2010లో మంచి వైపు ఉన్నారు. 2013లో మధ్యలోకి వచ్చారు. 2016లో అవతలి గట్టు దాటారు. ఆరేళ్ళపాటు ఆ సంగతి ఆ ప్లాస్టిక్ కవరులోనే ఉంది. కావలసింది ఒక పెన్సిలు, పది నిమిషాల సమయం. ఈ మాట రాయడానికి మాకు కష్టంగానే ఉంది.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయని కొందరు అడుగుతారు. లివర్ గట్టిపడితే పేగుల నుండి లివర్‌లోకి వచ్చే రక్తం సాఫీగా పోదు. కాలువకు అడ్డం కడితే నీరు వెనక్కి ఎగదన్నినట్టు ఆ రక్తం ప్లీహంలోకి, అన్నవాహిక నాళాల్లోకి ఎగదన్నుతుంది. ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుతుంది. ప్లేట్‌లెట్లు తయారవడానికి కావలసిన ఒక పదార్థాన్ని చేసేది కూడా లివరే, అదీ తగ్గుతుంది. అందుకే ప్లేట్‌లెట్ల తగ్గుదల ఒక విధంగా లివర్ లోపలి ఒత్తిడికి గుర్తు.

ఇంకొక లెక్క కూడా ఉంది, దాని పేరు ఏప్రి. 2003లో వచ్చింది, ఇంకా తేలిక. ఎస్‌జిఓటిని ల్యాబ్ వారు రాసే గరిష్ఠ పరిమితితో, అంటే ఎక్కువ ల్యాబ్‌లలో 40తో, భాగించి, నూటితో హెచ్చవేసి, ప్లేట్‌లెట్లతో భాగించాలి. ఆ తల్లికి 2010లో 0.52, 2013లో 1, 2016లో 2 వస్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెపటైటిస్ బి ఉన్నవారిలో ఏప్రి 2 దాటితే సిర్రోసిస్‌గా భావించాలని చెప్పింది. అలా అయితే చాలామంది తప్పిపోతున్నారని గ్రహించి 2024లో ఆ గీతను కిందికి దించింది. ఇప్పుడు పెద్దవారిలో 0.5 దాటితే గమనించదగిన మచ్చ, 1 దాటితే సిర్రోసిస్ ఉండవచ్చు అని లెక్క. ఈ కొత్త గీతతో చూస్తే ఆమెను 2010లోనే ఆపి అడిగి ఉండవలసింది.

ఈ అంకె ఎప్పుడు అబద్ధం చెబుతుంది

లెక్క తెలిసింది కదా అని ఇంటికి వెళ్ళి ఇంటిల్లిపాదికీ వేసి కంగారు పడేవారు ఉంటారు. అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

డెంగీ సంగతి చూడండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జిఓటి పెరుగుతుంది. నలభై ఏళ్ళ మనిషికి జ్వరంలో ఎస్‌జిఓటి 200, ఎస్‌జిపిటి 100, ప్లేట్‌లెట్లు నలభైవేలు ఉన్నాయనుకోండి. ఫిబ్-4 ఇరవై వస్తుంది! నెల తరువాత జ్వరం తగ్గి ఎస్‌జిఓటి 30, ఎస్‌జిపిటి 25, ప్లేట్‌లెట్లు రెండు లక్షల ఇరవైవేలు అయితే అదే మనిషికి 1.09. లివర్‌లో మచ్చ నెలలో పుట్టి నెలలో పోలేదు. జ్వరం రోజుల కాగితం ఈ లెక్కకు పనికిరాదు, అంతే. మలేరియా వచ్చినప్పుడు, కామెర్లు కొత్తగా ముదిరినప్పుడు కూడా ఇంతే.

టిబి మందులు వాడుతున్నవారిలో ఎస్‌జిఓటి, ఎస్‌జిపిటి రెండూ పెరగవచ్చు. హెచ్‌ఐవి వల్లనే కొందరికి ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, లివర్‌కు సంబంధం ఉండదు. ముప్పై అయిదేళ్ళలోపు వారిలో ఫిబ్-4 అంతగా నమ్మదగినది కాదు. అరవై అయిదు దాటినవారిలో వయసే అంకెను పైకి లాగుతుంది. పిల్లలకు ఈ లెక్క వేయవద్దు. హెపటైటిస్ సిలో పనిచేసినంత బాగా ఈ లెక్కలు హెపటైటిస్ బిలో పనిచేయవు అనేది కూడా నిజం. అందుకనే ఒక్క అంకెను బట్టి మేము భయపెట్టము, ఒక్క అంకెను బట్టి ధైర్యమూ చెప్పము. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు మూడు అంకెలు ఎటు నడుస్తున్నాయో చూస్తాము.

మద్యం తాగేవారిలో ఎస్‌జిఓటి ఎక్కువగా పెరుగుతుంది, అంకె కూడా పెరుగుతుంది. అయితే దాన్ని అబద్ధం అని కొట్టివేయడానికి లేదు, మద్యం కూడా మచ్చ కట్టిస్తుంది గనుక. ఇక్కడ ఒక చిన్న సంగతి. ఒకసారి మేము ఒక పెద్దాయనకు "మందు ఒక్కరోజు కూడా మానవద్దు" అని గట్టిగా చెప్పి పంపాము. నెల తరువాత ఆయన భార్య వచ్చి, "సిస్టరమ్మగారే మానొద్దన్నారని రోజూ తాగుతున్నాడమ్మా" అని మొత్తుకుంది. అప్పటినుండి మేము "మాత్రలు" అంటున్నాము, "మందు" అనడం లేదు.

ఫైబ్రోస్కాన్

అంకె మధ్యలో వచ్చినవారికి, పైకి వెళ్ళినవారికి డాక్టరుగారు ఫైబ్రోస్కాన్ రాస్తారు. ఇది 2003లో ఫ్రాన్సు నుండి వచ్చిన యంత్రం. చూడడానికి అల్ట్రాసౌండ్ లాగే ఉంటుంది. కుడి చేయి తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. పక్కటెముకల మధ్య చిన్న తట్టు తగులుతుంది, వేలితో కొట్టినట్టు. ఆ తట్టు లివర్‌లో అలలా పోతుంది. గట్టి వస్తువులో అల వేగంగా పోతుంది, మెత్తటిదానిలో నెమ్మదిగా పోతుంది. ఆ వేగాన్ని కొలిచి లివర్ గట్టిదనాన్ని కిలోపాస్కల్ అనే కొలతలో చెబుతారు. పది కొలతలు తీసి మధ్యది తీసుకుంటారు. పది నిమిషాల పని, సూది లేదు, నొప్పి లేదు.

పరీక్షకు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. తింటే లివర్‌కు రక్తం ఎక్కువ వచ్చి లేని గట్టిదనం కనబడుతుంది. బస్టాండులో ఇడ్లీ తిని వచ్చేవారు ఈ మాట గుర్తుంచుకోండి. పొట్టలో నీరు ఉంటే ఈ పరీక్ష కుదరదు. గర్భిణులకు సాధారణంగా చేయరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సూచనల ప్రకారం హెపటైటిస్ బిలో 7 దాటితే గమనించదగిన మచ్చ, 12.5 దాటితే సిర్రోసిస్ అని భావించాలి. యంత్రం 75 వరకు చూపిస్తుంది. "నాకు 14 వచ్చింది, నూటికి పద్నాలుగే కదా సిస్టర్, మంచిదే కదా" అని సంతోషంగా వచ్చినవారు ఉన్నారు. ఇది నూటికి లెక్క కాదు.

మరి ముందు ముందు ఏమవుతుంది

అసలు ప్రశ్న ఇదే. హెచ్‌ఐవి, హెపటైటిస్ బి రెండూ ఉన్నవారికి మచ్చ ఎంత ఉన్నా లేకపోయినా టెనోఫోవిర్ ఉన్న మాత్రలు వాడవలసిందే, అందులో సందేహం లేదు. అయితే మాత్రలు ఎలాగూ ఇస్తున్నప్పుడు ఈ లెక్కలు ఎందుకు అంటే, ఎవరిని ఎంత దగ్గరగా చూసుకోవాలో చెప్పడానికి.

అమెరికాలో హెచ్‌ఐవి, హెపటైటిస్ సి ఉన్న స్త్రీలను అనేక సంవత్సరాలు గమనించి 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఫిబ్-4, ఏప్రి ఎక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. అక్కడి మాజీ సైనికుల్లో హెచ్‌ఐవి ఉన్నవారి భవిష్యత్తు అంచనా వేయడానికి తయారుచేసిన సూచికలో వయసు, సిడి4, వైరస్ లెక్క, హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరుతోపాటు ఫిబ్-4ను కూడా చేర్చారు. అంటే ఈ అంకె లివర్ గురించే కాదు, మనిషి మొత్తం ఆరోగ్యం గురించీ కొంత చెబుతుంది.

కాని "ఇంకెన్నాళ్ళు ఉంటానో ఇది చెబుతుందా" అని ఎవరైనా అడిగితే మా జవాబు, చెప్పదు. అది వందలమందిని కలిపి చూసినప్పుడు వచ్చే మాట. మీ ఒక్కరి రోజులు లెక్కపెట్టే అంకె కాదు. సిర్రోసిస్ వచ్చి కూడా మాత్రలు సరిగా వాడుతూ పనులు చేసుకుంటున్నవారు మన ఓపిలోనే ఉన్నారు. పెద్ద అంకె వచ్చినవారికి మేము చేసేవి వేరు. ఆరు నెలలకొకసారి లివర్ అల్ట్రాసౌండ్ తీయిస్తాము, ఎందుకంటే సిర్రోసిస్ ఉన్న లివర్‌లో క్యాన్సర్ గడ్డ రావచ్చు, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే వైద్యం ఉంది. అన్నవాహిక నాళాలు ఉబ్బాయేమో ఎండోస్కోపీ చేయిస్తాము. ఫైబ్రోస్కాన్ 20 కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే ఎక్కువ ఉంటే ఎండోస్కోపీ అప్పుడే అవసరం లేదని 2015లో ఇటలీలోని బవేనోలో కూడిన నిపుణులు చెప్పారు. చూడండి, ఈ అంకెలు కొందరికి ఒక గొట్టం మింగే బాధ కూడా తప్పిస్తాయి. ఆ తల్లికి 2013లోనే ఈ లెక్క వేసి ఉంటే ఎండోస్కోపీ ముందే జరిగేది, నాళాలు ఉబ్బి ఉంటే ఆ రాత్రి ఆటో అవసరం వచ్చేది కాదేమో.

లివర్ మళ్ళీ మెత్తబడుతుందా అంటే, చాలామందిలో మెత్తబడుతుంది. ఇది మేము నర్సింగు చదువుకున్న రోజుల్లో మాకు చెప్పని మాట. అప్పట్లో సిర్రోసిస్ అంటే తిరుగులేదనే నేర్చుకున్నాము. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో హెపటైటిస్ బితో సిర్రోసిస్ ఉన్న 96 మందికి అయిదేళ్ళు టెనోఫోవిర్ ఇచ్చి మళ్ళీ బయాప్సీ చేస్తే, 71 మందిలో సిర్రోసిస్ లేదు. వారిలో హెచ్‌ఐవి ఉన్నవారు లేరు, అయినా వైరస్ అణగితే లివర్ తనను తాను బాగుచేసుకోగలదని అది చూపించింది. మాత్రలు మొదలైన కొద్ది నెలల్లోనే ఫిబ్-4 తగ్గితే మాత్రం అది మచ్చ కరిగి తగ్గింది కాదు, వాపు తగ్గి తగ్గింది. మచ్చకు ఏళ్ళు పడుతుంది.

మాత్రల గురించి కొన్ని మాటలు

ఆ తల్లి 2008లో మొదలుపెట్టినప్పుడు ఏఆర్‌టి మొదటి వరుస మాత్రల్లో సాధారణంగా టెనోఫోవిర్ ఉండేది కాదు. అందులోని లామివుడిన్ హెపటైటిస్ బి మీద కొంత పనిచేస్తుంది గానీ, ఒక్కటే ఇస్తే కొన్నేళ్ళలో వైరస్ దానికి అలవాటుపడి లొంగదు. ఆమెకు జరిగింది అదే. ఇప్పుడు ఏఆర్‌టి కేంద్రాల్లో ఎక్కువమందికి ఇచ్చే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ ఉన్నాయి. మొదటి రెండూ హెచ్‌ఐవి మీద, హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. అంటే రోజుకొక్క మాత్రతో రెండు జబ్బులకూ వైద్యం జరుగుతోంది.

అందుకే అది మానేస్తే రెండు జబ్బులూ ఒకేసారి తిరగబడతాయి. హెపటైటిస్ బి తిరగబడడం కొన్ని వారాల్లోనే జరగవచ్చు, గట్టిపడిన లివర్ దానిని తట్టుకోలేదు. కళ్ళు పచ్చబడ్డాయని ఏఆర్‌టి మాత్ర మానేసి పసరు మందుకు వెళ్ళినవారిని మేము చూశాము. అందరూ తిరిగి రాలేదు. కామెర్లు కనబడితే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అదే రోజు ఆసుపత్రికి రండి. ఉపవాసం రోజుల్లో మాత్ర వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. ఈ మాత్ర ఖాళీ కడుపున నీళ్ళతో కూడా వేసుకోవచ్చు. సిర్రోసిస్ ఉన్నవారు మాత్రం ఎక్కువసేపు ఉపవాసం ఉండకూడదు, కండ కరిగిపోతుంది. రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా కొంచెం తినాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఫోనులో అడిగే ప్రశ్న ఇంకొకటి. అక్కడ రెండు నెలలకొకసారి ఇచ్చే హెచ్‌ఐవి ఇంజక్షన్లు వచ్చాయి, మాత్రల బాధ లేదు అని. ఆ ఇంజక్షన్లు హెపటైటిస్ బి మీద పనిచేయవు. బి ఉన్నవారు ఆ సంగతి అక్కడి డాక్టరుకు ముందుగా చెప్పాలి.

హెపటైటిస్ సి వేరు, అది నయమయ్యే జబ్బు. సోఫోస్బువిర్‌తో వెల్పటాస్విర్ గానీ డక్లటాస్విర్ గానీ కలిపి, ఎక్కువమందికి పన్నెండు వారాలు ఇస్తారు. నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది, హెచ్‌ఐవి ఉన్నా సరే. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటి పరీక్షలు, మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆ కార్యక్రమంలో కూడా లివర్ స్థితి చూడడానికి ఫిబ్-4, ఏప్రి లెక్కలే వాడతారు. నయమైన తరువాత కూడా, ముందే సిర్రోసిస్ ఉన్నవారు ఆర్నెల్ల స్కాను మానకూడదు. వైరస్ పోయినా మచ్చ మిగిలే ఉంటుంది.

ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉంటే భార్యకు లేదా భర్తకు, పిల్లలకు పరీక్ష చేయించి, లేనివారికి టీకా వేయించండి. పుట్టిన బిడ్డకు మొదటి టీకా 24 గంటల్లోపు పడాలి.

ఇక మీరు ఓపికి వచ్చేటప్పుడు పాత కాగితాలన్నీ తెండి. ఎంత పాతవైనా సరే, చిరిగినవైనా సరే. తేదీ కనబడితే చాలు. మా సిస్టర్లు ఇప్పుడు ఫైలు లోపలి అట్ట మీద తేదీ, ప్లేట్‌లెట్లు, ఫిబ్-4 వరుసగా రాస్తున్నారు. అట్టను లోపలికే మడుస్తాము, బయటివారు చదవరు. నల్లటి విరేచనం, నెత్తురు వాంతి, పొట్ట ఉబ్బడం, మాట తడబడడం, పగలు నిద్ర రాత్రి మెలకువ, వీటిలో ఏది వచ్చినా ఓపి రోజు కోసం ఆగకండి. అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి రండి.

ఆ తల్లికి 2016లో టెనోఫోవిర్ మొదలయింది. 2021లో వయసు 50, ఎస్‌జిఓటి 32, ఎస్‌జిపిటి 25, ప్లేట్‌లెట్లు లక్షా అరవైవేలు. ఫిబ్-4 రెండు. 2024లో 1.93. వయసు పెరిగినా అంకె పెరగలేదు. "సిస్టరమ్మా, ఇంక ఆ స్కాను మానేయొచ్చా" అని మొన్న అడిగారు. డాక్టరుగారు మానవద్దన్నారు, ఆర్నెల్లకు తేదీ రాసి ఇచ్చాము. ఆమె భర్త ఆ కాగితాన్ని కూడా అదే కవరులో పెట్టుకున్నారు.